గున్నయ్య సౌండు

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ పుస్తకం సెట్టింగులు రాసుకోడానికి. ఏడుపు రాసుకోడానికి కాదు. లాప్‌టాప్ ఆగిపోయినప్పుడల్లా సేవ్ చేసినవి ఎగిరిపోతున్నాయి, అందుకని.

గెయిన్ 7. బాస్ 4. మిడ్ 6. ట్రెబుల్ 5. పాత ఇంగ్లండు రకం ఆంప్లిఫయర్, నాలుగు స్పీకర్ల పెట్టె, అన్నీ సాఫ్ట్‌వేర్లో బొమ్మలే. మైకు స్పీకరు నడిమికి కాకుండా అంచుకి.

విన్నాను. చెత్త.

కేసెట్లో నాన్న గిటారు అరుస్తాది, గొంతు పూడుకుంటాది, మధ్యలో ఊపిరి తీసుకుంటాది. నాది డబ్బాలో పడ్డ కందిరీగలా ఉంది.

ఫిబ్రవరి 10

పందెం సంగతి రాసి పెట్టాలి. ఆయన మాట మార్చేయగలడు.

పొద్దున్న డయాలిసిస్‌కి ఆటో వచ్చింది. నాన్న మంచం మీంచి లెగలేదు. ఇంక రానన్నాడు. అమ్మ బతిమాలింది. నేను బతిమాలలేదు, అరిచాను.

"ఏటి సేద్దామని? సచ్చిపోదామనా?"

"ఆ మిషను మీద వారానికి మూడుసార్లు సత్తన్నాను కదమ్మా. కొత్తగా ఏటుంది?"

ఆటో అతను బయట హారను కొడుతున్నాడు. లోపల నా లాప్‌టాప్ ఆపడం మర్చిపోయాను. కేసెట్లోంచి ఎక్కించిన ముక్క తిరిగి తిరిగి మోగుతోంది. నాన్న అటు చెవి పెట్టాడు.

"నా సౌండుతో నీకేటి పని?"

"అదే సౌండు తెత్తాను."

"ఆ కంప్యూటర్లోనా? నీ వల్ల కాదు."

"తెత్తే?"

నాన్న లేచి కూచున్నాడు. "ఉగాది దాకా టైము. అప్పటిదాకా రమ్మంటే వత్తాను. నా సౌండు నాకు వినిపించావనుకో, నువ్వు సెప్పినన్నాళ్ళు నోరు మూసుకుని ఆ మిషను మీద పడుకుంటాను. తేలేకపోయావనుకో, నన్ను ఒగ్గీయాలి, మళ్ళీ మిషను మాట ఎత్తకూడదు. మీ అమ్మకి కూడా నువ్వే సెప్పాలి."

"కుదిరిందో లేదో ఎవులు సెప్తారు?"

"నేనే. సౌండు నాది కాదేటి?"

అమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టింది. నాన్న చొక్కా వేసుకుని ఆటో ఎక్కాడు.

నేను ఈ పని పందెం కోసం చేయట్లేదు. ముందు నుంచీ చేస్తున్నాను. నాకిది సరదా.

ఫిబ్రవరి 13

అసలు ఆ సౌండు ఎలా పుట్టిందో తెలిస్తే సగం పని అయినట్టే. అమ్మని అడిగాను, నాన్నని అడిగాను. ఇద్దరి ముక్కలూ అతికితే ఇదీ:

నాన్న ఆర్కెస్ట్రాలో లీడ్ గిటారు. అప్పటికి నేను లేను. పలాస స్టేషన్లో ఒక గార్డు ఇంగ్లీషు రాక్ కేసెట్టు ఇచ్చాడు. అది విన్నాక నాన్నకి పిచ్చెక్కింది. అలాంటి గొంతు గిటారుకి రావాలంటే పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వుల ఆంప్లిఫయర్ కావాలి. టెక్కలిలో రేడియోలు బాగుచేసే బంగారయ్య, సినిమా హాలు వాళ్ళు పారేసిన ఆంప్లిఫయర్ తెచ్చి, చెక్కపెట్టెలో బిగించి ఇచ్చాడు. సినిమా పాటల మధ్య నాన్న ఆ గొంతుతో ఒక బిట్టు వాయిస్తే జనం కుర్చీలు ఎత్తి ఊపేవారట.

బంగారయ్య పోయాడు. ఆంప్లిఫయర్ మీద తిత్లీ తుపానులో కొబ్బరిచెట్టు పడింది, దూలంతో సహా. మిగిలింది గిటారు, ఒక కేసెట్టు. నౌపడ ఉప్పు మడుల దగ్గర పండక్కి చేసిన ప్రోగ్రాం అందులో ఉంది.

నష్టం రాసుకోడానికి వచ్చినవాళ్ళకి తుపానుకి పోయినవాటి పేర్లు అందరూ చెప్పారు. కొబ్బరి, జీడి, పనస. ఆంప్లిఫయర్ పేరు మా నాన్న చెప్పలేదు.

ఫిబ్రవరి 14

చెయ్యి మోగుతోంది.

(ఇది రోజూ చూడాలన్నారు. మిషను సూదుల కోసం నాన్న ఎడం చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. మణికట్టు పైన వేలు పెడితే జుమ్మని అదురుతాది. అది అదిరితేనే చెయ్యి బాగున్నట్టు. నేను వేలు పెట్టను, చెవి పెడతాను. ఆంప్లిఫయర్ ఆన్ చేసి ఏమీ వాయించకుండా ఉంటే వచ్చే మోత లాంటిది.)

ఎడం చెయ్యే ఎందుకు కుట్టారంటే కుడిచేత్తో పనులుంటాయని. తీగలు నొక్కేది ఎడం చేత్తో అని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. నాన్న కూడా చెప్పలేదు. దానిమీద బరువు పెట్టకూడదు. అంతే, గిటారు గోడెక్కింది. నేను దింపాను.

ఫిబ్రవరి 19

ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కోసే మిషను దగ్గర నుంచోబెట్టారు మళ్ళీ. సొన చిమ్మి రెండు వేళ్ళు కాలాయి. బూడిద రాసుకుని వచ్చి వాయించాను. తీగ తగిలితే ప్రాణం పోతోంది.

పక్క మిషను రత్నాలమ్మ: "ఏటే నీలిమా, పెళ్ళిసూపులకి వచ్చినోళ్ళకి గిటారు వాయించి సూపిత్తావా?"

"వాయించి పంపీసెత్తాను."

"ఓలమ్మ! కాపీ నీళ్ళయినా ఇయ్యవేటే?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వొచ్చినట్టు నటించడానికి ఈ మధ్య బలం సరిపోట్లేదు.

ఫిబ్రవరి 24

గెయిన్ 5. మిడ్ 8. రెండు మైకులు. లాభం లేదు.

ఇంటర్‌నెట్లో అడిగాను. ఒకడు "టోన్ వేళ్ళలో ఉంటుంది సిస్టర్" అని రాశాడు. ఇంకొకడు ముందు మంచి గిటారు కొనమన్నాడు. మూడోవాడు నా కేసెట్టు ముక్క విని, వెనకాల గుర్‌మని మోత ఉంది, ముందు అది తీసేయమన్నాడు. మీ తాత మోత తీసేయ్ రా. ఆ మోత లేకపోతే అది మా నాన్న కాదు.

మార్చి 2, ఆదివారం

నాన్నకి నాలుగు రకాలు వినిపించాను. అరుగు మీద కూచుని, కళ్ళు మూసుకుని, తీర్పరి మాదిరి.

"ఇది పచ్చి."

రెండోది. "ఇది మాడిపోయింది. పిక్క పైన నల్లగయింది, లోపల వేగలేదు."

మూడోది. "ఇది పర్లేదు. కానీ నాది కాదు. ఎవుడిదో పొరుగూరోడిది."

నాలుగోది మొత్తం వినకుండానే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఎలాగుండాలో సెప్పు మరి!"

"వేగుతున్నప్పుడు పిక్కకి సొన కారతాది సూడు, అలాగ కారాలి."

అమ్మ లోపల్నుంచి, "అంత తెలిసినోడు జీడి బట్టీ పెట్టుకోవలిసింది" అంది. అమ్మ పేరు రాజులమ్మ. ఇంట్లో తీర్పు చివరికి ఆవిడదే.

మార్చి 5

లైన్‌మాన్ పాండుతో పోట్లాడాను. సాయంత్రం అయితే మా వీధికి ఓల్టేజి ఉండదు. బల్బు లోపల తీగ ఎర్రగా కనిపిస్తాది, అంతే. లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, కరెంటు పడితే అదీ పడిపోతాది. చేసినదంతా పోయింది.

"ఈ ఓల్టేజితో మడిసన్నోడు ఏ పనైనా సెయ్యగలడా?"

"నన్నేటి సెయ్యమంతావు పాపా? లైను సివర ఉన్నారు మీరు. ఉగాది పోయాక కొత్త ట్రాన్స్‌ఫార్మరు వత్తాది."

"ఉగాది పోయాక నాకెందుకు?"

వాడికి అర్థం కాలేదు. వాడి తప్పు కాదు. అయినా అరిచాను.

మార్చి 9

ఊళ్ళో ఇందరికి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో పరీక్ష చేస్తామని మళ్ళీ ఎవరో వచ్చి బోరు నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. నా చిన్నప్పట్నుంచీ పట్టుకెళ్తూనే ఉన్నారు. ఈ పాటికి మా ఊరి నీళ్ళతో ఎక్కడో ఒక చెరువు నిండి ఉంటాది.

నా కిడ్నీ ఇస్తానని కిందటేడే చెప్పాను. నాన్న గుండె ఆ ఆపరేషనుకి తట్టుకోదన్నారు డాక్టర్లు. అది ఇక్కడ రాయాల్సిన సంగతి కాదు.

గెయిన్ 6.

మార్చి 14

చెయ్యి మోగుతోంది.

మార్చి 17

నాన్నకి అసలు ఇష్టం లేదేమో. ఎంత బాగా చేసినా కాదంటాడేమో. తీర్పరీ ఆయనే, ముద్దాయీ ఆయనే. నేనెంత వెర్రిదాన్ని.

కాదు. సౌండు విషయంలో నాన్న అబద్ధం ఆడడు.

మార్చి 23, ఆదివారం

దొరికింది. వరసగా రాస్తాను.

ఇన్నాళ్ళూ నేను కేసెట్లో నాన్న వాయించిన ముక్కే వింటున్నాను. దాని ముందున్న మాటలూ గోలా కోసి పారేశాను. ఇవాళ పొద్దున్న ఏమీ తోచక కేసెట్టు మొదట్నుంచీ పెట్టాను. పాట అయింది. చప్పట్లు. ఎవరో పిల్లాడు తప్పిపోయాడని మైకులో చెప్పారు. అప్పుడు డ్రమ్ములు కొట్టే వైకుంఠం మావ గొంతు, మైకుకి దూరంగా:

"ఒరే బాబూ, ఆ సీరియల్ లైట్లు తీసీండ్రా! గున్నయ్యకి ఓల్టేజి అందట్లేదు!"

నాన్న గొంతు. నవ్వుతున్నాడు. "ఉండనీ మావా. ఇలాగే బాగుంది."

ఆ వెంటనే గిటారు.

అమ్మని వంటింట్లోంచి లాక్కొచ్చి వినిపించాను. అమ్మ చీపురు పట్టుకుని అలాగే నుంచుండిపోయింది. "అవునే. మీ నాన్న గట్టిగా కొడితే లైట్లు తగ్గిపోయీవి. జనం అదీ ప్రోగ్రామే అనుకునీవోళ్ళు" అంది.

నేను ఆంప్లిఫయర్ మారుస్తున్నాను, స్పీకరు మారుస్తున్నాను, మైకు మారుస్తున్నాను. అన్నీ నిండు కరెంటు మీద. ఉప్పు మడుల దగ్గర నిండు కరెంటు ఎక్కడిది? ఇదే వీధిలో ఇదే కరెంటుతో పుట్టి పెరిగి, దాని కోసం లైన్‌మాన్‌ని తిట్టి, అది మాత్రం నాకు తట్టలేదు.

సాఫ్ట్‌వేర్లో లోపలి పేజీలో మెయిన్స్ ఓల్టేజి అని ఒక గుండీ ఉంది. తెలీకపోతే ముట్టుకోకు అంటే ముట్టుకోలేదు. రెండు వందల ముప్ఫై మీద ఉంది. వెనక్కి తిప్పాను. తిప్పుతూ పోయాను. నూట అరవై దగ్గర తీగ మీటితే, సౌండు ముందు నొక్కుకుపోయి, తర్వాత లేచింది. ఊపిరి తీసుకుని.

పెద్ద పెద్ద రాక్ వాళ్ళు కొందరు కావాలని కరెంటు తగ్గించి వాయించేవారట, తర్వాత చదివాను. కావాలని! మాకు ఊరికే ఇచ్చారు.

మార్చి 26

సాయంత్రం. నాన్న అరుగు మీద. లాప్‌టాప్ పక్కింటి ఇన్వర్టరుకి పెట్టాను. స్పీకరు ఆయన వైపు తిప్పాను. ఏం మార్చానో చెప్పలేదు. నౌపడ బిట్టు మొత్తం వాయించాను, కాలిన వేళ్ళతో. రెండుచోట్ల తప్పు పోయింది. సౌండు తప్పు పోలేదు.

అయిపోయాక నాన్న కళ్ళు తెరిచాడు. రోడ్డు వైపు చూశాడు.

"కాదు" అన్నాడు.

"ఏటి?"

"దగ్గరికొచ్చింది. కానీ కాదు."

నేను ఆయన ఎడం చెయ్యి చూశాను. దుప్పటి మీద వేళ్ళు నాలుగూ ఇంకా వంగి ఉన్నాయి. ఆఖరి స్వరం ఎక్కడ నొక్కాలో అక్కడ.

అప్పుడే రోడ్డు మీద సైకిలు పడేసిన చప్పుడు. వైకుంఠం మావ. కొబ్బరిమట్టలు అక్కడే వదిలేసి, లుంగీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఓరి గున్నయ్యా! మళ్ళీ పట్టావేట్రా గిటారు! ఆ మలుపు కాడికి ఇనిపించింది. ఇదిగో ఇలాగే వచ్చీసాను రా బావూ!"

గిటారు నా మెడలో ఉంది. మావ నన్ను చూశాడు, లాప్‌టాప్ చూశాడు, నాన్నని చూశాడు. తనేదో పాడు చేశాడని అర్థమై, తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"పందెం నేను గెలిచాను" అన్నాను. గట్టిగా అన్నాను. వీధంతా వినేలా. "శుక్రారం ఆటో వత్తాది. మాట మీద నిలబడు."

గోడ వైపు నుంచే, "నిలబడతాను" అన్నాడు.

మార్చి 30

ఉగాది. నాన్న నాలిక మీద పచ్చడి చుక్క వేసింది అమ్మ. ఒక్క చుక్కే, ఆయనకి పులుపూ ఉప్పూ పనికిరావు. "సేదు బాగా తగిలింది" అన్నాడు.

గెలిచినదాన్ని నేను. గెలిచినట్టు లేదు.

ఏప్రిల్ 2

సెలవు పెట్టి నేనే తీసుకెళ్ళాను. ఎప్పుడూ అమ్మే వెళ్ళేది, నాకు డ్యూటీ. డ్యూటీ లేని రోజుల్లో కూడా అమ్మే వెళ్ళేది. అది ఇవాళే గమనించాను.

రెండు సూదులు. ఎంత లావున్నాయి అవి. గంట గడిచేసరికి బీపీ పడిపోయింది. కాలి పిక్కలు పట్టేశాయి. నాన్న అరవలేదు, తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. నర్సమ్మ పరిగెత్తుకొచ్చి మంచం తల వైపు దించింది, సెలైను ఎక్కించింది, కాళ్ళు రుద్దింది. మంచిది ఆవిడ. తిట్టడానికి అక్కడ ఎవరూ దొరకలేదు నాకు.

ఆయన కాస్త తేరుకున్నాక అడిగాను. "పెతిసారీ ఇంతేనా?"

"ఈ మధ్యన."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే నువ్వు అరుత్తావు."

ఏప్రిల్ 7

ఇవాళ కూడా నేనే వెళ్ళాను. మిషను తిరుగుతుండగా నాన్న తనంతట తనే మాట్లాడాడు.

"ఓల్టేజి సంగతి బలే పట్టావు. బంగారయ్యకీ నాకూ తప్ప ఎవులికీ తెల్దు."

"మరి కాదన్నావు."

నాన్న సూదులున్న చేతి వైపు చూసుకున్నాడు.

"ఓల్టేజి తగ్గుతుంటే సౌండు బాగుంటాది. జనం ఇంకా ఇంకా అంటారు. కానీ ఒక గీత ఉంటాదమ్మా. ఆ గీత దాటి పడిపోయిందనుకో, సౌండు సచ్చిపోద్ది, లోపల ఏడెక్కి కాలిపోద్ది. బంగారయ్య సెప్పీవోడు, కాలిందాకా ఉండకు రా, నువ్వే స్విచ్చి కట్టీ అని. జనం ఎంత గోల పెట్టినా నేనే కట్టీసీవోణ్ణి."

"ఆ గీత నీకెలా తెలిసీది?"

"వాయించినోడికి తెలుత్తాది."

కిటికీ వైపు చూస్తూ కూచున్నాను. పందెం ఓడిపోయినవాడు మాట కోసం పడుకుని ఉన్నాడు. నేను రమ్మన్నన్నాళ్ళు వస్తానన్నాడు, వస్తున్నాడు. నేను చాలనకపోతే ఇలాగే వస్తూ ఉంటాడు.

ఏప్రిల్ 9

బీపీ మళ్ళీ పడిపోయింది.

ఏప్రిల్ 10

డాక్టరు గారిని అడిగాను. ఆపేస్తే ఏమవుతుందో సూటిగా చెప్పారు. ఆపకపోతే ఏమవుతుందో కూడా సూటిగానే చెప్పారు. రెండింటికీ పెద్ద తేడా లేదు. ఆయన గొంతు మాత్రం రెండోసారి తగ్గింది.

అమ్మకి చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతూనే ఉంది. చేట పక్కన పెట్టి, "ఆపీమని ఆయన నన్నడిగి నెలలైంది. నీకోసమే ఆగాడు" అంది.

ఏప్రిల్ 12, శనివారం

పొద్దున్నే వెళ్ళి మంచం పక్కన కూచున్నాను.

"నాన్నా, కేసెట్టు మళ్ళీ విన్నాను."

"ఊఁ."

"నేను సేసింది తప్పు. నీ సౌండు కింద ఇంకో సౌండు ఉంది. అది నాకు దొరకలేదు. పందెం నువ్వే గెలిచావు."

నాన్న నా వైపు చూశాడు. ఎంతసేపో చూశాడు. నేను కళ్ళు దించలేదు. దించితే దొరికిపోతాను.

"వైకుంఠం అదేనన్నాడు కదే."

"మావకి డ్రమ్ములు కొట్టి కొట్టి సెవులు పోయాయి."

నాన్న నవ్వాడు. పొట్ట ఊగేలా నవ్వాడు, దగ్గొచ్చింది. "అవునవును. ఆడికి ముందు నుంచీ లేవు. తాళం తప్పితే నా మీద తోసీసీవోడు."

తర్వాత, "నేను ముందే సెప్పాను కదా, కాదని" అన్నాడు.

"సెప్పావు."

"మరి ఇప్పుడు?"

దుప్పటి ఆయన కాళ్ళ మీదికి లాగాను. "ఒగ్గీసాను నాన్నా."

ఆయన తన కుడిచెయ్యి నా కాలిన వేళ్ళ మీద పెట్టాడు. సౌండు విషయంలో మా ఇంట్లో ఎవరూ అబద్ధం ఆడరు. ఇద్దరం ఒక్కొక్కటి ఆడాం.

ఏప్రిల్ 14

ఆటో వచ్చింది. అమ్మ బయటికెళ్ళి, వద్దని చెప్పి పంపింది. అతను హారను కొట్టకుండా వెళ్ళాడు.

ఏప్రిల్ 16

నాన్న అరటిపండు తిన్నాడు. మామిడికాయ ముక్క ఉప్పు అద్దుకుని తిన్నాడు. కొబ్బరినీళ్ళు తాగాడు. ఇన్నాళ్ళూ ఇవన్నీ విషాలు. కొబ్బరితోటల్లో పుట్టినవాడికి కొబ్బరినీళ్ళు విషం.

చెయ్యి మోగుతోంది.

ఏప్రిల్ 18

వైకుంఠం మావ రోజూ వస్తున్నాడు. బకెట్టు బోర్లించి వేళ్ళతో తాళం వేస్తున్నాడు. నాన్న కళ్ళు మూసుకునే, "తప్పింది" అంటున్నాడు. "నీదే తప్పింది" అంటున్నాడు మావ.

సాయంత్రం నాన్న నన్ను పిలిచాడు. మాట పీలగా వస్తోంది.

"అమ్మా, ఆ కానిది ఉంది సూడు."

"ఏది?"

"అదే. కాదన్నాను కదా. ఆ కానిదే ఒకసారి వాయించు."

వాయించాను. వీధి చివర బల్బు ఎర్రగా ఉంది. మావ బకెట్టు మీద చెయ్యి పెట్టాడు గానీ కొట్టలేదు. నాన్న ఎడం చేతి వేళ్ళు దుప్పటి మీద ముందు నడిచాయి, నేను వెనక నడిచాను.

ఏప్రిల్ 20

మోగుతోంది. మెల్లగా.

ఏప్రిల్ 22

చెయ్యి మోగలేదు.

మే 11

రాయడానికి సెట్టింగులు లేవు.

కొత్త ట్రాన్స్‌ఫార్మరు పెట్టారు. పాండు స్తంభం ఎక్కి దిగి, "పాపా, ఇంక సూసుకో నీ ఓల్టేజి" అని అరిచాడు పాపం, సంబరంగా. సాయంత్రం బల్బు వేస్తే ఇల్లంతా తెల్లగా అయిపోయింది. గోడ మీద గిటారు ఉండే చోట మరక కూడా కనిపించింది. అమ్మ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇంత ఎలుగేటే" అంది. ఆపేశాను. చీకట్లో కూచున్నాం.

తర్వాత లాప్‌టాప్ తెరిచాను. దాంట్లో మాత్రం ఓల్టేజి ఎక్కడ తగ్గించి పెట్టానో అక్కడే ఉంది. ఇన్నాళ్ళూ దానికి పేరు పెట్టి దాచలేదు. ఇవాళ పేరు అడిగింది.

"ఇది కాదు" అని పెట్టాను.